తీరిందని చెప్పిన నూర్‌బీ

కావలి నుంచి సముద్రం వైపు పోయే షేర్ ఆటో మొగలిపాలెం మొదట్లో ఆగిందంటే, ఎదురుగా కనిపించే పచ్చరంగు డాబా నూర్‌బీది. వరండాలో మూడు కుట్టుమిషన్లు, గోడకు వేలాడే స్కూలు యూనిఫారాలు, గుమ్మం పక్కన ఎండకు పరిచిన దూది. ఆ దూది ఆమె భర్త పీర్ సాహెబ్‌ది. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇవ్వడం అతని పని. పెళ్ళిళ్ళ కాలంలో ఇద్దరికీ అన్నం తినే తీరిక ఉండదు. మిషన్ తొక్కుతూనే నూర్‌బీ పక్కింటివాళ్ళ తగాదా తీరుస్తుంది, చేపలమ్మే ఆడవాళ్ళకు చిల్లర మారుస్తుంది. జాకెట్టు బిగువైందని వచ్చినవాళ్ళకు, జాకెట్టు అట్లాగే ఉందని, పెరిగింది వాళ్ళేనని మొహాన్నే చెబుతుంది. ఊళ్ళో ఆమెను చూసి అయ్యో పాపం అన్నవాళ్ళు లేరు, అనే ధైర్యమూ ఎవరికీ లేదు.

అలాంటి నూర్‌బీ, సముద్రాల అవతలి దేశాల్లో, పదేళ్ళకు పైగా ఒక కూలిన గోడ మీద కూర్చుని ఏడుస్తూనే ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పాలని ఇన్నేళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

చివరికి కూతురు ఆయేషా చెప్పింది. ఆ పిల్ల కావలిలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. స్నేహితురాలు వెన్నెల ఫోన్లో స్కాలర్‌షిప్పుల కోసం వెతుకుతుంటే మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. ఇది మీ అమ్మ కదా అని నలుగురి ముందూ చూపించింది. ఆయేషా ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బ్యాగు మంచం మీద విసిరేసి, ఫోన్ తీసి తల్లి మిషన్ మీద పెట్టింది.

"చూడుమా నీ మొహం. ఎట్లా పెట్టినారో చూడు."

నూర్‌బీ చూసింది. తుపానుకు కూలిన తన పాత ఇంటి మట్టిగోడ. దాని మీద తడిజుట్టుతో తను. ఒళ్ళో రెండో తరగతి ఆయేషా, నోరంతా తెరిచి ఏడుస్తోంది. పక్కన ఖాళీ బిందె. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

"ఏం రాసినారు?" అని అడిగింది.

ఆయేషా పళ్ళు బిగించి చదివి చెప్పింది. ఈ తల్లికి భర్త లేడు. ఈ పాప ఈ రోజు కూడా పస్తే. మీరు కాఫీ మానుకుని ఆ డబ్బు పంపితే ఈ పాప బతుకుతుంది.

దూది ఏకుతున్న పీర్ సాహెబ్ చేతిలో బద్ద ఆగిపోయింది. "భర్త లేడా? మరి నేనెవుర్ని?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతను లేచొచ్చి ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఫొటో ఎడమ అంచున చూపుడువేలు పెట్టాడు. అక్కడ ఒక మోచెయ్యి, గళ్ళ చొక్కా ముక్క ఉన్నాయి. "ఇదో, ఇది నేనే. ఆ రోజు ఆ కెమెరా ఆయన, కొంచెం పక్కకు జరగండి అంటే జరిగినా. ఫొటోలోంచి జరగమన్నాడనుకున్నా గానీ, బూమ్మీద నుంచి జరగమన్నాడని నాకేం తెలుసు."

ఆ రోజు సంగతి ముగ్గురికీ బాగా గుర్తుంది. తుపాను వచ్చి పోయిన మర్నాడు అది. ఆయేషా ఆకలితో ఏడవలేదు. కావలి నుంచి లారీలో వచ్చిన పులిహోర పొట్లాలు రెండు తిని, మూడోదానికి చెయ్యి చాపుతుంటే, కొత్త స్కూలుబ్యాగు వాగులో కొట్టుకుపోయిందని ఎవరో చెప్పారు. దానికి ఏడ్చింది. బిందె ఖాళీగా ఉన్నది నిజమే. నీళ్ళకు పోవడానికి దాన్ని బయట పెట్టారు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ ఫొటో తీయించిన సంస్థ దొంగ సంస్థ కాదు. దాని పేరు పలకడానికి పాలెంలో ఎవరికీ నోరు తిరగదు కాబట్టి అందరూ దొరల ఆఫీసు అంటారు. తుపాను రోజు మండలం ఆఫీసు తలుపులు కూడా తెరవలేదు. దొరల ఆఫీసులో పనిచేసే డెబోరా మాత్రం నడుములోతు నీళ్ళలో నెత్తిన బియ్యం మూట పెట్టుకుని వచ్చింది. నూర్‌బీకి మొదటి మిషన్ ఇచ్చింది వాళ్ళే. ఊరికి మంచినీళ్ళ ప్లాంటు పెట్టింది కూడా వాళ్ళే. రొయ్యల గుంటలొచ్చాక మొగలిపాలెం బావుల్లో నీళ్ళు నోట్లో పెట్టుకుంటే ఉప్పు, ఒంటి మీద పోసుకుంటే దురద. శ్రీహరికోటలో లేచిన రాకెట్ నిప్పుగీతలాగా పోవడం ఊరంతా ఇసుకలో నిలబడి చూస్తారు. అది చంద్రుడి దాకా పోయింది గానీ, కావలి నుంచి నీళ్ళ ట్యాంకరు మాత్రం మొగలిపాలెం దాకా సరిగ్గా ఏనాడూ రాలేదు. ఆ ప్లాంటు వచ్చాకే ఊరు గొంతు తడుపుకుంది. ఆ మేలు నూర్‌బీ మరిచిపోయే మనిషి కాదు. మేలు చేశారు కదా అని బతికున్న మొగుణ్ణి చంపుకుంటే ఊరుకునే మనిషీ కాదు.

మర్నాడే ఆమె కావలి వెళ్ళింది. దొరల ఆఫీసు రైల్వేస్టేషన్ రోడ్డులో ఒక మేడ మీద ఉంది. ఆఫీసరు కిషోర్, ముప్పై అయిదేళ్ళవాడు, మాట మెత్తన. ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"ఆ ఫొటో తీసెయ్ నాయనా," అంది నూర్‌బీ. "నా బిడ్డ కాలేజీలో తలెత్తుకోలేకపోతా ఉండాది. మా ఆయన గుండ్రాయి మాదిరి ఉండాడు. ఆయన లేడని రాస్తే నాకు పాపం చుట్టుకోదా?"

కిషోర్ తల గోక్కున్నాడు. "అది నా చేతుల్లో లేదక్కా. ఆ ఫొటో ఆ దేశం ఆఫీసోళ్ళది. నీకెట్లా చెప్పాల... ఆ దేశంలో మనుషులు ఫోన్లో ఫొటో చూస్తారు. మనసు కరిగి నెలనెలా కొంత ఇస్తారు. అందులో కొంత మళ్ళా ఫొటోలెయ్యడానికే పోతాది. కొంత ఆ దేశం ఆఫీసుకు, కొంత ఢిల్లీ ఆఫీసుకు. మిగిలింది మనకొస్తాది. వచ్చింది కూడా మన ఇష్టానికి వాడేదానికి లేదు. పిల్లలకని ఇస్తే పిల్లలకే, ఆడోళ్ళకని ఇస్తే ఆడోళ్ళకే. నీళ్ళ ప్లాంటు ఫిల్టర్ మార్చాలంటే ఇచ్చేవాడు లేడు. ఫిల్టర్‌కు మొహం ఉండదు గదా. నీ మొహం చూసి ఇచ్చిన దాంట్లోనే అటూ ఇటూ సర్ది ఫిల్టర్లు మారుస్తా ఉండాం."

"అయితే నేను ఏడుస్తా ఉంటేనే ఊరికి నీళ్ళా?"

"అట్లా కాదక్కా."

"మరెట్లా?"

ఊరికి ఉపకారం చేయాలని వచ్చిన డబ్బుకు దారిలో ఇన్ని గుమ్మాలెందుకో, ఇచ్చే చెయ్యికీ పుచ్చుకునే చెయ్యికీ మధ్య ఒక్కసారైనా చూపులు కలవనీయరెందుకో, అది కిషోర్‌కూ ఎవరూ చెప్పలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇస్తాడు. కాకపోతే అడిగినవాడు గుడి మెట్ల మీద ఎప్పటికీ అట్లాగే చెయ్యి చాపుకుని కూర్చోవాలంటాడు.

కిషోర్ టీ గ్లాసు పక్కన పెట్టి, అసలు సంగతికి వచ్చాడు. వచ్చే వారం ఆ దేశం నుంచి ఒక పెద్దావిడ వస్తోంది. ఈ ఫొటో చూసి మొదటినుంచీ నెలనెలా డబ్బు పంపుతున్న మనిషి. ఆమెతోపాటు ఢిల్లీ ఆఫీసు నుంచి చంద్రమౌళి గారని ఒక అధికారి వస్తున్నాడు. వాళ్ళు చూసిపోయాకే వచ్చే మూడేళ్ళకు నిధులు ఇవ్వాలా వద్దా అని తేలుతుంది. అందుకని నూర్‌బీ అక్క ఆ ఒక్కపూట పాత ఇంటి గోడ దగ్గర, పాత చీరతో కూర్చుంటే బాగుంటుంది. మిషన్లు రెండు పక్కింట్లో పెట్టిస్తే ఇంకా బాగుంటుంది. పీర్ సాహెబ్ అన్న ఆ పూటకు ఎక్కడికైనా బేరానికి పోతే మరీ మంచిది.

నూర్‌బీ టీ గ్లాసు ముట్టకుండానే లేచి ఆటో ఎక్కింది.

ఆమె ఇంటికి చేరేలోపే సంగతి పాలెం చేరింది. గుమ్మం దగ్గర ఆదిశేషమ్మ కూర్చుని ఉంది. ఎండుచేపల బుట్ట కావలి సంతకు మోసే ఆడవాళ్ళందరికీ పెద్ద. తుపానప్పుడు నూర్‌బీ కుటుంబం తలదాచుకుంది ఆమె ఇంట్లోనే.

"ఒక్కపూట పాత కోక కట్టుకుంటే నీ సొమ్మేం పోయిందిమే?" అంది ఆదిశేషమ్మ. "నీ మొగుడు ఉండాడని మాకు తెలీదా? ఆ దొరసానికి తెలియకపోతే మునిగిందేంది? నీళ్ళాగిపోతే మేం యాడికి పొయ్యేది? నీకు మిషనుండాది, నీళ్ళు కొనుక్కుంటావు. మేం ఉప్పునీళ్ళు తాగాల."

అది అబద్ధం కాదు. అందుకే నూర్‌బీకి మరింత మంట. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అట్లా అయింది ఆమె పని. ముష్టి మొహం పెట్టుకుంటే కన్నబిడ్డకు తలవంపు. పెట్టుకోకపోతే ఊరి గొంతు ఎండుతుంది. సరేనంది. పాత చీర పెట్టె అడుగునుంచి తీసి దండెం మీద వేసింది. ఆయేషా తల్లితో మాట్లాడటం మానేసింది.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున నూర్‌బీ అందరికీ అన్నం వండి, ఎందుకో గోధుమపిండి కలపడానికి కూర్చుంది. పిండి కలుపుతుంటే ఆమెకు నెల్లూరు స్వర్ణాల చెరువు గుర్తొచ్చింది.

నెల్లూరులో మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్ళు చెరువు నీళ్ళలోకి దిగి, ఆ కోరిక తీరినవాళ్ళ దగ్గర రొట్టె తీసుకుని తింటారు. తీరాక మరో ఏడాది వచ్చి, అదే నీళ్ళలో నిలబడి, అదే కోరికతో వచ్చిన మరొకరికి రొట్టె ఇస్తారు. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకే నీళ్ళలో, ఒకే లోతులో నిలబడతారు. ఇవాళ ఇచ్చినామె ఒకనాడు పుచ్చుకున్నదే. తుపాను తర్వాతి ఏడు నూర్‌బీ అక్కడ కోవూరు నుంచి వచ్చిన మాలకొండమ్మ అనే రైతుబిడ్డ చేతి నుంచి, ఇల్లు కావాలని కోరి, ఇంటి రొట్టె తీసుకుంది. కుట్టుపని కూడా ఉద్యోగమే కదా అని, ఇంకో ఆమె దగ్గర ఉద్యోగ రొట్టె కూడా తీసుకుంది. రెండూ తీరాయి. అప్పటినుంచి ఏటా రెండు రకాల రొట్టెలూ తీసుకుపోయి ఇచ్చి వస్తోంది. మాలకొండమ్మ ఆ రోజు రొట్టె ఇస్తూ చెప్పింది. "తీరినాక తీరిందని వచ్చి చెప్పాల సుమా. తీరినా తీరలేదని దాచుకుంటే, వచ్చింది నిలవదు."

ఆ మాట దగ్గర నూర్‌బీ చెయ్యి పిండిలో ఆగింది. అంత దూరం నుంచి ఒక మనిషి, తనిచ్చిన రొట్టెతో కోరిక తీరిందో లేదో చూసుకుందామని వస్తుంటే, తీరలేదని చెప్పడమా? తీరిందని వింటే ఆమెకు ఇంకా ఇవ్వాలనిపించదా? చెరువులో అందరికీ అట్లాగే అనిపిస్తుంది. తీరిన కోరిక చూసే కదా కొత్త కోరిక పుట్టేది. తనకు తీరింది కాబట్టి ఇప్పుడు ఊరి నీళ్ళ మాట అడగొచ్చు, అడిగితే ఇస్తుంది. నూర్‌బీకి అంతా తేటతెల్లమైంది. లోకమంతా స్వర్ణాల చెరువులాగే నడుస్తుందనుకుంది పాపం. దొరల ఆఫీసు చెరువు కాదని ఆ నిమిషాన ఆమెకు చెప్పగలవాళ్ళు పక్కన లేరు. ఉన్నా వినేది కాదు.

కార్లు వచ్చేసరికి కూలిన గోడ దగ్గర ఎవరూ లేరు. నూర్‌బీ రంజానుకు కొన్న నీలం పట్టుచీర కట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని, తన డాబా వరండాలో నిలబడి ఉంది. మూడు మిషన్లూ వరుసగా ఉన్నాయి. పక్కన పీర్ సాహెబ్ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. వెనక ఆయేషా. ఆమె చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రొట్టెలు. కిషోర్ కారు దిగి, ఆ దృశ్యం చూసి, మళ్ళీ కారెక్కాలన్నట్టు నిలబడ్డాడు. ఆదిశేషమ్మ నెత్తి కొట్టుకుంది.

పెద్దావిడ సన్నగా, తెల్లజుట్టుతో, చెమటకు ఎర్రబడిన మొహంతో ఉంది. నూర్‌బీని గుర్తుపట్టింది. తర్వాత పీర్ సాహెబ్ ఎవరని అడిగింది. మాట మార్చి చెప్పడానికి వాళ్ళతో వచ్చిన డెబోరా ఒకసారి కిషోర్ వైపు చూసింది, అతను తల అడ్డంగా ఊపుతున్నాడు. డెబోరా చూపు తిప్పుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దావిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఆయన ఆత్మశాంతి కోసం ఇన్నేళ్ళుగా ప్రార్థన చేస్తున్నానంది.

"పరవాలేదమ్మా," అన్నాడు పీర్ సాహెబ్. "ఆ పుణ్యానికే ఇట్లా గట్టిగా ఉండా."

నూర్‌బీ ముందుకొచ్చి రొట్టె ఆమె చేతిలో పెట్టింది. "ఆమెకు చెప్పు డెబోరమ్మా. నా కోరిక తీరింది. ఇల్లు తీరింది, పని తీరింది. నా బిడ్డ డిగ్రీ చదువుతా ఉండాది. ఇప్పుడు నేను పుచ్చుకునేదాన్ని కాదు, ఇచ్చేదాన్ని. ఆ ఫొటో తీసేసి ఈ ఫొటో పెట్టుకోమను. మా ఊరికి నీళ్ళ రొట్టె కావాల, అదొక్కటి ఈమని అడుగు." కొంచెం ఆగి, "ఇంకోటి కూడా అడుగు. ఆమెకు ఎవురిచ్చినారంట రొట్టె? పుచ్చుకోకుండా ఎవురూ ఇయ్యలేరు గదా," అంది.

డెబోరా చెరువు సంగతి, పండుగ సంగతి చెప్పడానికి చాలాసేపు పట్టింది. చంద్రమౌళి గారు వాచీ చూసుకుంటున్నాడు. పెద్దావిడ రొట్టెను రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. భర్త ఇద్దరు పిల్లలతో తనను వదిలేసి పోయిన చలికాలం, ఎవరో పక్కింటివాళ్ళు రోజూ గుమ్మం ముందు ఒక గిన్నెలో సూప్ పెట్టి, తలుపు కొట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరో ఇప్పటికీ తెలియదు. ఈ సంగతి తన పిల్లలకు కూడా చెప్పలేదు.

"అదో, చూసినావా," అంది నూర్‌బీ, తృప్తిగా. పెద్దావిడ అక్కడే నిలబడి రొట్టె మొత్తం తిన్నది. పోయేటప్పుడు ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. ఆ పది నిమిషాలూ దొరల ఆఫీసు చెరువులాగే నడిచింది.

అంతే, ఆ పది నిమిషాలే. పెద్దావిడ తన దేశం వెళ్ళింది, చంద్రమౌళి గారు ఢిల్లీ వెళ్ళాడు, నిర్ణయం ఆయనకంటే పైన ఎక్కడో జరిగింది. కబురు తెచ్చింది డెబోరా. మొగలిపాలెం తన కాళ్ళ మీద తాను నిలబడిందని, ఇది సంస్థ సాధించిన గొప్ప విజయమని, కాబట్టి ఇక్కడి పని ముగించి నిధులు అవసరం ఎక్కువున్న చోటికి పంపుతున్నామని తేల్చారు. మొగలిపాలెం నిలబడిందట. ఏ కాళ్ళ మీద నిలబడిందో ఒక్కరైనా వచ్చి చూశారా? ఒక ఇంట్లో మూడు మిషన్లు కనబడితే ఊరందరి దాహమూ తీరినట్టేనా? రోగి లేచి నాలుగడుగులు వేశాడని ఆస్పత్రికే తాళం వేసే వైద్యం ఇది.

ఊరు బాగుపడిందని ప్లాంటు మీద కొత్త బోర్డు మాత్రం పెట్టి వెళ్ళారు. రెండు నెలలకు ఫిల్టర్లు పోయాయి. మార్చడానికి పంచాయతీలో డబ్బు లేదన్నారు. ఆడవాళ్ళు మళ్ళీ బిందెలు పట్టుకుని రోడ్డు మీద ట్యాంకరు కోసం నిలబడ్డారు. నూర్‌బీ ఇంటి ముందు నుంచి పోతూ ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు. ఆదిశేషమ్మ ఆ మాత్రం కూడా అనలేదు. జాకెట్లు కుట్టించుకోవడానికి వేరే ఊరు పోవడం మొదలుపెట్టింది.

ఇవన్నీ నూర్‌బీ భరించింది. తప్పు తనదేనేమోనని రెండు మూడుసార్లు పీర్ సాహెబ్‌తో అంది కూడా. "నిజం చెప్పినందుకు తప్పు నీదయితే, నేను బతికుండటం కూడా నా తప్పే," అన్నాడు అతను. భరించలేని సంగతి తర్వాత వచ్చింది. ఒకరోజు ఆయేషా మళ్ళీ ఫోన్ తెచ్చి చూపించింది. ఊరికి ఆపేశారు గానీ ఫొటోను ఆపలేదు. అదే గోడ, అదే బిందె, అదే ఏడుపు, ఈసారి ఇంకేదో భాషలో రాసి ఉంది.

నూర్‌బీ ఆటో ఎక్కి కావలి పోయింది. కిషోర్ అట్టపెట్టెల్లో ఫైళ్ళు సర్దుతున్నాడు. ఆఫీసు కూడా మూసేస్తున్నారు.

"మా ఊరు బాగుపడిందని బోర్డు రాసినారే. మరి బాగుపడిన ఊరి ఆడమనిషిని ఇంకా ఎందుకు ఏడిపిస్తా ఉండారు?"

కిషోర్ ఆమె మొహం చూడకుండా చెప్పాడు. "నేను రాసినానక్కా, నాలుగుసార్లు రాసినా. ఆ ఫొటోకొచ్చినంత డబ్బు ఇంక దేనికీ రావడం లేదంట. ఆపం అన్నారు."

"వచ్చే డబ్బయినా మా నీళ్ళకియ్యమను."

"అది అవసరం ఉండే చోటికి పోతాదక్కా."

"బాగుండాది. నా ఏడుపు అవసరం, నా ఊరు అవసరం లేదు." ఆమె గుమ్మంలోంచి బల్ల దాకా వచ్చింది. "నా మొగుణ్ణి చంపి, నా బిడ్డను పస్తు పడుకోబెట్టి, మా ఊరి పేరు జెప్పి అడుక్కుంటా ఉండారు. అడుక్కునేవాడికైనా సిగ్గుంటాది, వాడి మొహమే వాడు చూపిస్తాడు గానీ ఇంకొకరి మొహం అడ్డం పెట్టుకోడు."

కిషోర్ తల వంచుకుని పెట్టెకు టేపు అంటిస్తూ ఉండిపోయాడు. ఇంకేం చెప్పమంటారు అతన్ని మాత్రం. వాళ్ళు అతన్ని కూడా తీసేశారు, డెబోరాను కూడా తీసేశారు. డెబోరా ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు చెప్పడానికి చేరింది. జీతం సగం. ఊరు బాగుపడితే ఊరికి పనిచేసినవాళ్ళకు కూడు పోయే లెక్క ఏ తెలివిగలవాడు వేశాడో, వాడికి మాత్రం ఉద్యోగం ఉండే ఉంటుంది.

మొహర్రం వచ్చింది. నూర్‌బీ ఎప్పట్లాగే రొట్టెలు చేసి గుడ్డలో చుట్టుకుని నెల్లూరు బస్సెక్కింది. వెనకసీట్లో ఆదిశేషమ్మ కూర్చుని ఉంది. ఇద్దరూ పలకరించుకోలేదు. చెరువు దగ్గర దిగాక ఆదిశేషమ్మ వెనకాలే వచ్చి, ఆమెను కాదన్నట్టు ఎటో చూస్తూ అడిగింది. "నీళ్ళ రొట్టె యాడ ఇస్తారు?"

ఒడ్డున వరుసగా బోర్డులున్నాయి. ఇంటి రొట్టె, పెళ్ళి రొట్టె, చదువు రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె. నీళ్ళ రొట్టె అని ఎక్కడా లేదు. ఆదిశేషమ్మ మోకాళ్ళలోతు నీళ్ళలో ఒక్కొక్క గుంపు దగ్గరికీ పోయి అడిగింది. చుట్టూ అంత చెరువు, అందులో నిలబడి నీళ్ళు అడుగుతున్న ఆ ముసలామెను చూస్తూ నూర్‌బీ తన మూట తడుముకుంది. తన దగ్గర ఆ రొట్టె లేదు. తీరని కోరికకు రొట్టె ఇవ్వడానికి లేదు. ఆమె వెళ్ళి ఆదిశేషమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన నిలబెట్టుకుంది. "ఉండక్కా. ఎవురికో ఒకరికి తీరుంటాది. వచ్చిందాకా ఈడే ఉందాం," అంది. ఆదిశేషమ్మ చెయ్యి విడిపించుకోలేదు.

ఇంటి రొట్టెలు అయిపోయాయి. నూర్‌బీ ఉద్యోగ రొట్టెల మూట విప్పింది. చేతులు ఎదురుగా బారులు తీరాయి. అందులో ఒక జత చేతులు కొంచెం వెనకగా, ఇంకా పూర్తిగా చాపకుండా ఆగి ఉన్నాయి. తలమీద జేబురుమాలు కప్పుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకున్న మనిషి. నూర్‌బీ తలెత్తి చూసింది. కిషోర్.

అతను ఆమెను అప్పుడే గుర్తుపట్టాడు. పక్క వరుసలోకి జరగబోయాడు.

"ఆగు నాయనా," అంది నూర్‌బీ.

ఆమెకు కోపం పోయిందనుకుంటే పొరపాటు. పాత చీర కట్టుకోమన్న మాటా, మొగుణ్ణి దాచమన్న మాటా ఆ క్షణాన అన్నీ గుర్తొచ్చాయి. నాలుగు మాటలు అడిగేసి రొట్టె ఇవ్వకుండా పంపినా కాదనేవాళ్ళు లేరు. చాపిన చేతులు ఆ మాటలన్నింటికంటే ముందు కనబడ్డాయి, అంతే. ఆమె గుడ్డలోంచి రొట్టె తీసింది.

"తీరినాక వచ్చి తీరిందని చెప్పాల. ఎవురు గమ్మునుండమన్నా చెప్పాల. చెప్తావా?"

"చెప్తానక్కా," అన్నాడు కిషోర్. జేబురుమాలు అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గట్టు మీది నుంచి ఎవరో కుర్రకారు ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. చదువుకున్నవాడిలా ఉన్నాడే, ఏడుస్తున్నట్టున్నాడే, బాగుంటుంది అనుకున్నారో ఏమో. నూర్‌బీ కుడిచేత్తో రొట్టె అతని చేతుల్లో పెట్టి, ఎడమచేత్తో తన తడికొంగు లాగి అతని మొహానికి అడ్డంగా పట్టింది.

"ఫొటో వద్దు నాయనా. చెయ్యి చాపిన మొహం ఒకసారి అందులో పడితే మళ్ళా బయటికి రాదు."

కిషోర్ ఆ కొంగు చాటున నిలబడి రొట్టె తిన్నాడు. గట్టు మీది ఫోన్ జేబులోకి పోయిందాకా ఆమె చెయ్యి దించలేదు.